ఇల్లు కట్టి చూడు... యుద్ధం ఆడి చూడు!

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దవాళ్ళు. పెళ్ళి చేసే వంతు ఇంకా నా దాకా రాలేదు గానీ, ఇల్లు కట్టడం మాత్రం చూసేశాను. మేడ మీద రెండు గదులూ, ఓ చిన్న వంటిల్లూ వేయించుకున్నాం. మేస్త్రీ తన కాగితం చూసి గోడ చక్కగా లేపాడు. కరెంటు అబ్బాయి తన కాగితం చూసి స్విచ్‌బోర్డు బిగించాడు. వడ్రంగి తన కాగితం చూసి తలుపు పెట్టాడు. ఒక్కరి పనికీ వంక పెట్టడానికి లేదు. తీరా పాలు పొంగించిన నాడు తలుపు బార్లా తీస్తే స్విచ్‌బోర్డు కాస్తా తలుపు వెనక్కి వెళ్ళిపోయింది! ఇప్పటికీ మిక్సీ వేయాలంటే తలుపు మూసుకుని, ఉక్కలో చెమటలు కక్కుతూ పచ్చడి చేసుకోవాల్సిందే.

మొన్న వేసవిలో మా అక్క కూతురు అమెరికా నుంచి వచ్చినప్పుడు ఈ భాగోతమంతా చెప్పి, "తప్పెవరిదే?" అని అడిగాను. అది పకపకా నవ్వింది.

"ఎవరిదీ కాదు పిన్నీ. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేకపోవడమే తప్పు. అలా పెట్టి చూడటమే నా ఉద్యోగం."

"ఇళ్ళ ప్లాన్లా?"

"కాదు. యుద్ధాల ప్లాన్లు!"

నా గుండె గుభేలుమంది. ఫ్లోరిడాలోని ఓర్లాండో అంటే డిస్నీ బొమ్మల ఊరనే నాకు తెలుసు. సైనికులకు శిక్షణ ఇచ్చే ఉత్తుత్తి యుద్ధాల యంత్రాలు, అంటే సిమ్యులేటర్లు తయారయ్యే పెద్ద కేంద్రాల్లో అదొకటని అప్పుడే తెలిసింది. మా పిల్ల చేసేది వాటి ప్లాన్ల పనేనట.

ఆ సమయానికి ఎదురింటి మామ్మగారు కరివేపాకు కోసం వచ్చి మా మాటలు వింటున్నారు. ఆవిడ పుట్టిల్లు తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అనే పేరు మీరూ వినే ఉంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరది. ఇప్పుడు ఆవిడ మనవడు టాంకుల దళంలో ఉన్నాడు. మామ్మగారు చాప మీద కూర్చుని, "అయితే ఒక్క మాట చెప్పు తల్లీ! మావాడూ ఆ బొమ్మ టాంకులో కూర్చునే నేర్చుకున్నానన్నాడు. బొమ్మలో నేర్చిన విద్య రేపు నిజంగా గుండ్లు పడేటప్పుడు పనికొస్తుందా?" అని అడిగారు.

మా పిల్ల నవ్వడం మానేసింది. "ప్లాను సరిగ్గా గీస్తేనే వస్తుందండీ మామ్మగారూ" అంది. ఆ మధ్యాహ్నం అది చెప్పిందీ, తరవాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి మీ ముందు పెడుతున్నాను.

సుద్దముక్కలతో సముద్రం

ఉత్తుత్తి యుద్ధం ఆడి నేర్చుకోవడం కొత్త సంగతేం కాదు. 19వ శతాబ్దం మొదట్లోనే ప్రష్యా దేశంలో రైస్‌విట్జ్ అనే తండ్రీకొడుకులు బల్ల మీద ఆడే యుద్ధక్రీడను తయారుచేశారు. 1824లో కొడుకు దాన్ని మెరుగుపరిచి సైన్యానికి అందించాడు. కానీ మనం వినాల్సిన కథ 1942 నాటిది, ఎందుకంటే అందులో అమ్మాయిలున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కి తిండిగింజలూ, సరుకులూ ఓడల మీద రావాలి. జర్మన్ జలాంతర్గాములు ఆ ఓడల్ని ముంచేస్తున్నాయి. అవి ఎలా వస్తున్నాయో, ఎలా కొడుతున్నాయో ఎవరికీ అంతుపట్టడం లేదు. అప్పుడు లివర్‌పూల్‌లోని డెర్బీ హౌస్ అనే భవనంలో గిల్బర్ట్ రాబర్ట్స్ అనే నౌకాదళం కెప్టెన్ ఒక గది తీసుకున్నాడు. క్షయ వ్యాధి వచ్చిందని నౌకాదళం అంతకు ముందే ఆయన్ని ఇంటికి పంపేసింది. సాయానికి దొరికింది నౌకాదళం మహిళా విభాగంలో పనిచేసే అమ్మాయిలు. వాళ్ళని 'రెన్'లనేవారు. ఇరవై ఏళ్ళ చుట్టుపక్కల వయసు వాళ్ళది.

నేల మీద గళ్ళు గీసి దాన్నే సముద్రం చేశారు. చిన్న చిన్న చెక్క ఓడలు పెట్టారు. ఓడల కెప్టెన్ల చుట్టూ గుడ్డ తెరలు కట్టి, తెరకి చిన్న కంత పెట్టారు. నిజంగా సముద్రం మీద ఉంటే ఎంత కనిపిస్తుందో ఆ కంతలోంచి అంతే కనిపించాలి! ఓడలు నడిచిన దారి తెల్ల సుద్దతో గీసేవారు. జలాంతర్గామి దారి ఆకుపచ్చ సుద్దతో గీసేవారు. కంతలోంచి చూసేవాడికి ఆ ఆకుపచ్చ గీత ఆనదు. పక్కన నించుని మొత్తం చూసేవాళ్ళకి మాత్రం అన్నీ కనిపిస్తాయి.

ఆ ఆటలోనే గుట్టు బయటపడింది. జలాంతర్గాములు ఎక్కడో దూరం నుంచి కొట్టడం లేదు. రాత్రిపూట వెనకనుంచి ఓడల వరసల మధ్యలోకే దూరి కొడుతున్నాయి! దానికి విరుగుడుగా కనిపెట్టిన ఎత్తుకి 'రాస్ప్‌బెర్రీ' అని పేరు పెట్టింది జీన్ లైడ్‌లా అనే అమ్మాయి. హిట్లర్‌ని వెక్కిరించినట్టని దాని అర్థం. జలాంతర్గాములు నడిపి పండిపోయిన అడ్మిరల్ మాక్స్ హార్టన్ ఆ ఎత్తుని పరీక్షించడానికి వచ్చి, తానే జలాంతర్గామి పక్షాన ఆడాడు. అవతల ఆడింది జానెట్ ఓకెల్ అనే పిల్ల. ఐదుసార్లు ఆడి ఐదుసార్లూ పెద్దాయనే ఓడిపోయాడట! యుద్ధం ముగిసేలోగా సుమారు ఐదు వేలమంది అధికారులు ఆ నేల మీద పాఠం నేర్చుకున్నారు.

"చూశావా పిన్నీ, ఆ గదిలో గొప్పతనం సుద్దముక్కల్లో లేదు" అంది మా పిల్ల. "ఎవరికి ఏది కనిపించాలి, ఏది కనిపించకూడదు అన్నది ముందే ఆలోచించుకుని గది సర్దారు చూడు, అందులో ఉంది. ఇప్పుడు మేం ఆర్కిటెక్చర్ అనేది దాన్నే."

ప్లాను వేరు, ప్లాన్లకి పద్ధతి వేరు

ఆర్కిటెక్చర్ ఫ్రేమ్‌వర్క్ అనే పెద్ద మాట వినగానే నా మొహం తెల్లబోయింది. అది చూసి మా పిల్ల మా ఇంటి ప్లానే తెచ్చి ముందేసింది. ఇల్లు ఒకటే. కానీ యజమానికి గదులు కనిపించే బొమ్మ కావాలి. మేస్త్రీకి కొలతలు కావాలి. కరెంటు అబ్బాయికి తీగల దారి కావాలి. పంచాయితీ వాళ్ళకి వీధి నుంచి ఎంత వదిలారో కావాలి. ఏయే కాగితాలు ఉండాలి, ఒక్కో కాగితం ఎవరి ప్రశ్నకి జవాబు చెప్పాలి, ఒకదానితో ఒకటి ఎక్కడ కలవాలి అని చెప్పే పద్ధతే ఫ్రేమ్‌వర్క్. అది ప్లాను కాదు. ప్లాన్లో ఏమీ మరిచిపోకుండా కాపాడే చిట్టా అన్నమాట. పెళ్ళి సామాన్ల చిట్టా లాంటిదే అనుకోండి!

ఈ ఆలోచనని కంప్యూటర్ల లోకంలో గట్టిగా నాటినవాడు ఐబీఎం కంపెనీలో పనిచేసిన జాన్ జాక్‌మన్. భవనాలకీ విమానాలకీ బొమ్మలు గీసే తీరు చూసి, కంప్యూటర్ వ్యవస్థలకీ అలాగే గీయాలని 1987లో ఒక వ్యాసం రాశాడు. మొదట మూడు ప్రశ్నలు పెట్టుకున్నా, 1992 నాటికి అవి ఆరయ్యాయి. ఏమిటి, ఎలా, ఎక్కడ, ఎవరు, ఎప్పుడు, ఎందుకు. ఒక్కో ప్రశ్నకీ యజమాని కళ్ళతో ఒక జవాబు, గీసేవాడి కళ్ళతో ఒక జవాబు, కట్టేవాడి కళ్ళతో ఒక జవాబు రాసుకోవాలి.

అమెరికా రక్షణ శాఖ 1990లలో ఇలాంటి చట్రం ఒకటి తమ అవసరాలకు తయారుచేసుకుంది. అది పెరిగి 2003లో డాడ్ఆఫ్ అనే పేరుతో వచ్చింది. 2009లో వచ్చిన రెండో రూపంలో ఎనిమిది రకాల చూపులున్నాయి. ఏ శక్తి కావాలన్నది ఒక చూపు, యుద్ధంలో ఎవరు ఏం చేస్తారన్నది ఒకటి, ఏ యంత్రాలు దానికి పనికొస్తాయన్నది ఒకటి, ఏ సమాచారం ఎటు పోతుందన్నది ఇంకొకటి... ఇలాగన్నమాట. బ్రిటన్‌వాళ్ళు 2005లో తమకంటూ మోడాఫ్ అనేదాన్ని తెచ్చుకున్నారు.

"ఇంత తతంగం ఎందుకే? యంత్రం చేసేస్తే పోలా?" అన్నాను.

"ఒక్క యంత్రమైతే అక్కర్లేదు పిన్నీ. వందలు కలిసి ఒకే యుద్ధం ఆడాలంటేనే తంటా!"

ఒకే యుద్ధంలో వంద ఇళ్ళు

1983లో అమెరికా రక్షణ పరిశోధనా సంస్థ దార్పా 'సిమ్‌నెట్' అనే పని మొదలుపెట్టింది. దాని వెనక ఉన్నవాడు జాక్ థోర్ప్ అనే వైమానిక దళం అధికారి. ఒక్కో పెట్టె ఒక్కో టాంకు. ఒక ఊళ్ళో పెట్టెలో కూర్చున్నవాళ్ళకి, ఇంకో ఊళ్ళో పెట్టెలో కూర్చున్నవాళ్ళ టాంకు తమ అద్దంలో కనిపించాలి. 1990 నాటికి అమెరికాలోనూ యూరప్‌లోనూ కలిపి రెండు వందలకు పైగా పెట్టెలు ఇలా కలిశాయి.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతొకటుంది. డబ్బు ఆదా చేయడానికి ఆ పెట్టెల్లో అసలు టాంకులో ఉండేవన్నీ పెట్టలేదు. ఈ పాఠానికి ఏవి కావాలో అవి నిజంగా పెట్టి, అక్కర్లేని మీటల్ని ఉత్త బొమ్మలుగా వదిలేశారు. ఏది నిజంగా ఉండాలి, ఏది బొమ్మ అయినా ఫరవాలేదు అని తేల్చుకోవాలంటే "ఇది ఎందుకు కడుతున్నాం?" అన్న ప్రశ్నకి జవాబు ముందే తెలియాలి కదా! బొమ్మల కొలువు పెట్టే మనకి ఆ లెక్క తెలియనిదేం కాదు.

1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో అమెరికన్ టాంకులకీ ఇరాక్ సేనలకీ పోరు జరిగింది. దాన్ని '73 ఈస్టింగ్' యుద్ధం అంటారు. తరవాత కొందరు ఆ చోటికి వెళ్ళి, పోరాడినవాళ్ళని అడిగి, టాంకుల జాడలు కొలిచి, ఆ యుద్ధాన్ని యథాతథంగా సిమ్‌నెట్‌లోకి తెచ్చారు. ఇప్పుడు దాన్ని ఏ కోణం నుంచైనా మళ్ళీ చూడొచ్చు.

అయితే కంపెనీలు ఎక్కువయ్యేకొద్దీ ఒకరి యంత్రం భాష ఇంకొకరికి అర్థం కాని తిప్పలొచ్చాయి. ఆ తిప్పలు తీర్చడానికి 1993లో ఒక ప్రమాణం పెట్టారు. 1996లో అమెరికా రక్షణ శాఖ 'హై లెవెల్ ఆర్కిటెక్చర్' అనే దాన్ని అందరికీ నియమం చేసింది. 2000లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది, 2010లో సవరించారు కూడా.

దాన్ని మన ఉమ్మడి కుటుంబంతో పోల్చి చూసుకోండి. కలిసి ఆడే యంత్రాలన్నీ ఒక కుటుంబం. ఒక్కో యంత్రం ఒక్కో కోడలు. నియమాలు పది. ఐదు కుటుంబానికి, ఐదు కోడళ్ళకి! ఎవరి గది ఎలా సర్దుకున్నా అభ్యంతరం లేదు. కానీ నడవాలోకి వచ్చినప్పుడు అందరూ ఒప్పుకున్న భాషే మాట్లాడాలి. కబురు ఏదైనా మధ్యనున్న ఒకే దారిలో వెళ్ళాలి. ఒక సంగతికి ఏ క్షణానైనా యజమాని ఒక్కరే. పాల లెక్క ఇద్దరు రాస్తే నెలాఖరుకి ఏమవుతుందో మనకి తెలుసుగా? టాంకు ఎక్కడుందన్న లెక్కా అంతే!

చెట్టు ఉందా... లేదా?

ఇక్కడిదాకా చెప్పి మా పిల్ల మామ్మగారి వైపు తిరిగింది.

"మామ్మగారూ, ఇప్పుడు మీ ప్రశ్నకొస్తాను. రెండు పెట్టెలున్నాయి. రెండూ ఒకే భాష మాట్లాడుతున్నాయి, కబుర్లు చక్కగా అందుతున్నాయి. కానీ మొదటి పెట్టె చేసినవాళ్ళు తమ పటంలో ఒక చెట్ల వరస పెట్టారు. రెండో పెట్టె చేసినవాళ్ళ పటంలో అది లేదు. మొదటి పెట్టెలో కుర్రాడు చెట్ల చాటుకి వెళ్ళి, హమ్మయ్య అనుకున్నాడు. రెండో పెట్టెలోవాడికి ఖాళీ మైదానంలో నిలబడ్డ టాంకు కనిపించింది. కొట్టేశాడు. ఇప్పుడు ఆ మొదటి కుర్రాడు ఏం నేర్చుకున్నట్టు?"

మామ్మగారు ఆలోచించి, "చాటుకి వెళ్ళినా లాభం లేదని!" అన్నారు.

"అదేనండీ! యంత్రం చెడిపోతే ఎవరైనా బాగుచేస్తారు. తప్పు పాఠం నేర్చుకున్న కుర్రాడు మాత్రం దాన్ని తన వెంట అసలు యుద్ధానికి మోసుకుపోతాడు. అసలు నేర్పకపోయినా నయమే."

గదిలో ఎవరం మాట్లాడలేదు. మామ్మగారి చేతిలో కరివేపాకు రెబ్బ అలాగే ఉండిపోయింది.

భాష కలిస్తే సరిపోదు, భావం కూడా కలవాలన్నమాట. యుద్ధంతో సంబంధం లేకపోయినా అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 1999లో అంగారక గ్రహం చుట్టూ తిరగడానికి అమెరికా పంపిన వ్యోమనౌక నాశనమైపోయింది. అంకెలు సరిగ్గానే చేరాయి. కానీ పంపినవాళ్ళు పౌండ్ల లెక్కలో పంపారు, తీసుకున్నవాళ్ళు మెట్రిక్ లెక్క అనుకున్నారు. మన అమ్మమ్మ శేర్లలో చెప్పిన బియ్యాన్ని మనం కిలోలనుకుని వండినట్టు!

అందుకే ప్లాన్ కాగితాలు పక్కపక్కన పెట్టి చూడటం. ఏ పెట్టెకి చెట్టు తెలుసు, దేనికి తెలియదు, చీకటి పడితే ఎవరి అద్దంలో ఎంత దూరం కనిపిస్తుంది, పొగ అందరికీ పొగగానే కనిపిస్తుందా... ఇవన్నీ యంత్రాలు కట్టకముందే పట్టీ వేసుకోవాలి. కట్టాక తెలిస్తే మా స్విచ్‌బోర్డు గతే! ఇలాంటి వ్యవస్థలు కట్టడానికి 2010లో వచ్చిన ప్రమాణంలో ఏడు మెట్లున్నాయి. మొదటిది యంత్రాల గురించి కాదు. ఏ ఫలితం కోసం కడుతున్నామో తేల్చుకోవడం మొదటి మెట్టు. నిజ లోకంలోని సంగతుల్ని ఆలోచనలోకి తెచ్చుకోవడం రెండో మెట్టు. గీయడం మూడోది, తయారుచేయడం నాలుగోది. కలిపి పరీక్షించడం, ఆడించడం, వచ్చిన ఫలితాన్ని తూకం వేయడం తరవాతివి.

'ఎందుకు' అన్నది మరిచిపోతే...

ఆ మొదటి మెట్టు ఎంత ముఖ్యమో 2002లో జరిగిన 'మిలీనియం ఛాలెంజ్' చెబుతుంది. అమెరికా సైన్యం సుమారు 25 కోట్ల డాలర్ల ఖర్చుతో, 13,500 మందితో ఆడిన మహా యుద్ధక్రీడ అది. కొంత నిజం మనుషులతో, కొంత కంప్యూటర్లతో ఆడారు. ఎన్నో రకాల సిమ్యులేషన్లని ఒకే కుటుంబంగా కలిపారు. శత్రుపక్షం నాయకుడిగా పాల్ వాన్ రైపర్ అనే విశ్రాంత జనరల్‌ని పెట్టారు. రేడియోలో మాట్లాడితే వినేస్తారని ఆయన మోటారు సైకిళ్ళ మీద కబుర్లు పంపాడు. క్షిపణులతో, చిన్న పడవలతో ఒక్కసారిగా మీదపడి 16 ఓడల్ని ముంచేశాడు... ఆటలోనే లెండి!

నిర్వాహకులు మునిగిన ఓడల్ని మళ్ళీ తేల్చి ఆట కొనసాగించారు. శత్రువు చేయదగిన పనులకీ హద్దులు పెట్టారు. ఆయన విసిగి మధ్యలోనే తప్పుకున్నాడు. అంతమంది సైనికులు ఎదురుచూస్తూంటే మొదటి రోజుల్లోనే ఆట ముగించలేం కదా అన్నది నిర్వాహకుల వాదన. గెలిచేది ముందే నిర్ణయిస్తే ఇక నేర్చుకునేదేమిటన్నది ఆయన వాదన. యంత్రాలు కలవడానికి వేసిన ప్లానులో లోటున్నా లేకపోయినా, "ఇది పరీక్షా, ప్రదర్శనా?" అన్న ప్రశ్నకి మాత్రం అందరి దగ్గరా ఒకే జవాబు లేదు. లివర్‌పూల్ గదిలో అడ్మిరల్ ఓడిపోయినప్పుడు ఆట మార్చలేదు. ఆయన ఓటమే వాళ్ళకి పాఠమైంది.

మన పక్కనే ఉంది

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోకండి. సికింద్రాబాదులో మన సైన్యానికి సిమ్యులేటర్ డెవలప్‌మెంట్ డివిజన్ ఉంది. 1993లో హైదరాబాదులో మొదలైన జెన్ టెక్నాలజీస్ సైన్యానికీ పోలీసులకీ శిక్షణ సిమ్యులేటర్లు చేస్తోంది. అంటే మన పిల్లలు ఆ పెట్టెల్లో కూర్చునే వైపూ ఉన్నారు, వాటిని గీసే వైపూ ఉన్నారు. ఇంజనీరింగు చదివిన ఆడపిల్లలకి ఇదీ ఒక దారే. మా పిల్ల మాటల్లో చెప్పాలంటే, "కోడు రాసేవాళ్ళు చాలామంది దొరుకుతారు పిన్నీ. పదిమంది చెప్పేది విని, ఎవరెవరి మాట ఎక్కడ పొసగడం లేదో పట్టుకునేవాళ్ళే తక్కువ."

పదిమంది చెప్పేది విని పొసగని చోటు పట్టుకోవడం! అత్తగారికి ఉప్పు తక్కువ, మామగారికి కారం వద్దు, పిల్లలకి తొందర, ఆయనకి క్యారేజీ... పొద్దున్నే ఆ ఎనిమిది చూపులూ మన తలలో తిరగడం లేదూ? పేరు పెట్టలేదు, కాగితం మీద రాయలేదు, అంతే తేడా.

సాయంత్రం అవుతూంటే మామ్మగారు లేచారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"మావాడు కూర్చున్న పెట్టెకి ప్లాను గీసింది ఎవరో నాకు తెలీదు తల్లీ. నువ్వు గీసే పెట్టెలో కూర్చునేవాడి నాయనమ్మకీ నువ్వు తెలీవు. గీసేటప్పుడు ఆవిణ్ణి కూడా ఒక కాగితం మీద రాసుకో" అన్నారు.

మా పిల్ల ఏమీ అనలేదు. ఆవిడ వెళ్ళాక నా దగ్గర పెన్సిలు తీసుకుంది. మా ఇంటి ప్లాను వెనకవైపు ఆరు ప్రశ్నలూ రాసి, 'ఎవరు' దగ్గరా 'ఎందుకు' దగ్గరా గట్టిగా గీత గీసింది. ఆ కాగితం ఇప్పుడు నా బీరువాలోనే ఉంది.

వచ్చే నెలలో స్విచ్‌బోర్డు మార్పిస్తున్నాం. ఈసారి మేస్త్రీని, కరెంటు అబ్బాయిని, వడ్రంగిని ఒకే రోజు రమ్మన్నాను. ముగ్గురికీ కాఫీలిచ్చి, మూడు కాగితాలూ ఒకే బల్ల మీద పరిచి, "ఇక్కడ వంట చేసేది నేను, ముందు నేను చెప్పేది వినండి" అని మొదలుపెడతాను.